అయ్యగారి పల్లెం ఈ పొద్దు ఎవరి వంతు?

బరువు తగ్గాలని వచ్చిన మనిషి మొదటి రోజు ఎలా ఉంటాడో, ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ముందే చెప్పాలి. పెళ్లికొడుకులా ఉంటాడు. కొత్త బూట్లు, కొత్త నీళ్ల సీసా, ముఖంలో ఒక వెలుగు. "మేడం, మీరు ఏం చెప్పినా చేస్తా. గడ్డి తినమంటే గడ్డి తింటా" అంటాడు. గడ్డి తినమని ఎవరూ అనలేదు. అన్నం కొంచెం తగ్గించమంటాం, అంతే. అక్కడికే ఆ వెలుగు సగం ఆరిపోతుంది.

కర్నూలులో ఒక పెద్ద ఆస్పత్రిలో డైటీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా పేరు సగం మందికి తెలియదు. రోగులకు నేను డైటమ్మను. పుట్టింది కడప వైపు, చర్చిలో వాక్యం చెప్పే ఒక ఉపదేశి కూతురిగా. చెవులకు వాక్యం, నోటికి రాగిసంగటి, ఈ రెండూ లోటు లేకుండా పెరిగాను. అందుకే నేనేమీ సన్నని మనిషిని కాదు. "నువ్వే తగ్గలేదు, మాకేం చెప్తావమ్మా?" అని మొహం మీదే అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్లకు నా జవాబు ఒకటే. పాపం గురించి బోధించేవాళ్లంతా పాపం లేనివాళ్లే కావాలంటే, ఆదివారం ప్రసంగపీఠాలన్నీ ఖాళీగా ఉంటాయి.

కాలేజీలో మీకు కేలరీలు లెక్కకట్టడం నేర్పారు. అది అవసరమే. కానీ మొదటి రోజు వచ్చిన మనిషి, రెండో వారం వచ్చిన మనిషి ఒకరు కాదని ఎవరూ నేర్పి ఉండరు. మన ఉద్యోగమంతా ఆ రెండో మనిషితోనే.

ప్రతి ఆదివారం కడరా భోజనం

డైట్ ఎప్పుడూ సోమవారమే మొదలవుతుంది. బుధవారం మొదలుపెట్టిన మనిషిని నేను చూడలేదు. సోమవారం మొదలవుతుంది కాబట్టి ఆదివారం రాత్రి ఇంట్లో పండగ. రేపటి నుంచి ఉండదు కదా అని బిర్యానీ, రేపటి నుంచి ముట్టకూడదు కదా అని ఓళిగలు, వాటి మీద ధారగా నెయ్యి. ప్రభువు సిలువకు ముందు రాత్రి తన శిష్యులతో కడరా భోజనం ఒక్కసారే చేశాడు. మా రోగులు ప్రతి ఆదివారం చేస్తారు. సోమవారం కుదరకపోతే వచ్చే ఆదివారం మళ్లీ ఇంకొకటి.

ఎలాగో మొదలుపెట్టారనుకుందాం. మొదటి వారం కాటా ఎక్కితే సూది బాగా వెనక్కి వస్తుంది. మనిషి గాల్లో తేలుతాడు. మా ఆస్పత్రిలో కొందరు ఆ సంతోషాన్ని చెడగొట్టొద్దనేవారు. చెడగొట్టండి అని నేనంటాను. మొదటి వారం పోయినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లు. ఆ మాట మొదటి రోజే చెప్పకపోతే, మూడో వారం సూది కదలనప్పుడు అతను మనల్ని మోసగత్తెలనుకుంటాడు. లేదా తన మీద తనే నమ్మకం పోగొట్టుకుంటాడు. రెండోది మరీ చెడ్డది. మన మీద కోపమొచ్చినవాడు ఇంకో డైటీషియన్ దగ్గరికైనా పోతాడు. తన మీద నమ్మకం పోయినవాడు నేరుగా బజ్జీల బండి దగ్గరికి పోతాడు.

ఈ మధ్య వాట్సాప్ వచ్చాక ఇంకో వేషం మొదలైంది. తిన్న పల్లేనికి ఫోటో తీసి మనకు పంపుతారు. రెండు పుల్కాలు, దోసకాయ ముక్కలు, చూడముచ్చటగా ఉంటుంది. నమ్మండి, కానీ పూర్తిగా నమ్మకండి. అది మొదటి పల్లెం. రెండో పల్లేనికి ఫోటో ఉండదు.

మా వాళ్లనూ వదలను. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే అక్కలు నాతో గర్వంగా చెప్పేవాళ్లు, వారానికి ఒక రోజు కడుపు మాడ్చుకుంటున్నామని. ఆ ఉపవాసం మధ్యాహ్నం రెండింటికి ముగుస్తుంది. ముగిశాక ఏం జరుగుతుందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఆ వరసలోనే కూర్చునేదాన్ని. ఉపవాసం దేవుని కోసం చేయండి. నడుము కోసం చేస్తే దేవుడికీ దక్కదు, నడుముకూ దక్కదు.

పెద్ద డాక్టరుగారి పద్ధతి

నా మీద అధికారిగా ఉన్న పెద్ద డాక్టరుగారికి ఒక గట్టి నమ్మకం ఉండేది. మనిషిని మార్చేది భయమొక్కటే అని. తన గదిలో గుండె బొమ్మ ఒకటి పెట్టుకుని, దాని రక్తనాళాల్లో పసుపుపచ్చటి కొవ్వు చూపించి, "ఇది నీదే" అని రోగిని వణికించేవాడు. ఆయన వణికించే పదిన్నర గంటలకే క్యాంటీన్ నుంచి ఆయనకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చేవి. రోగి ఒక కన్నుతో గుండెను, ఒక కన్నుతో బజ్జీని చూస్తూ వినేవాడు.

"ఏమ్మా డైటూ, నీ దగ్గర నవ్వుకుంటూ బయటికి పోతాండారు. భయపెట్టాల్నమ్మా!" అనేవాడాయన.

"సార్, మీ దగ్గర భయపడినవాళ్లు నేరుగా క్యాంటీన్‌కే పోతాండారు."

"ఎందుకు?"

"భయమేస్తే ఆకలేస్తుంది సార్."

ఆయన బజ్జీ వైపు చూసి, నా వైపు చూసి, "నువ్వు పో" అన్నాడు. మంచి డాక్టరు. రాత్రనక పగలనక రోగి కోసం పరుగెత్తుకొచ్చేవాడు. కానీ ఈ ఒక్క విషయంలో తప్పు. భయం చేత ఒక రోజు తిండి మానేస్తారు. ఏడాది పాటు తిండి మార్చుకోరు. నరకం గురించి మాత్రమే చెప్పే ప్రసంగికుడి సంఘంలో కూడా ఇంతే, మొదటి వారం గుడి నిండుతుంది.

మరి భయం కాకపోతే ఏమిటి? ఉత్సాహమా? దాని సంగతి నాకు తెలియజెప్పిన కేసు ఒకటుంది. ఇక్కడి నుంచి చివరిదాకా ఆ ఒక్క కేసే చెబుతాను.

ఒడ్డున కుర్చీ

తుంగభద్ర ఒడ్డున, కర్నూలుకు దగ్గరలోనే, ఒక ఊరుంది. ఊరి చివర క్రైస్తవుల పేట. ఆ పేటలో ముత్తాతల కాలం నాటి సంఘం. దాని పాస్టరు ఏసురత్నం అయ్యగారు. మా కడప వైపు సంఘంలో బాప్తిస్మానికి నుదుటి మీద నీళ్లు చల్లితే చాలు, పాస్టరు ఎంత లావున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. వీళ్లది ముంచే సంఘం. పాస్టరు నదిలో నడుములోతు దిగాలి, ఒక్కొక్కరినీ పట్టుకుని ముంచి లేపాలి, మళ్లీ మెట్లెక్కి రావాలి.

ఆ ఏడాది క్రిస్మస్ ముందు ఆయన దిగాడు, ముంచాడు, లేపాడు. తను మాత్రం మెట్లెక్కలేకపోయాడు. మోకాళ్లు పట్టేశాయి. అప్పుడే బాప్తిస్మం తీసుకున్న ఇద్దరు కుర్రాళ్లు చెరో చంక పట్టుకుంటే, ఇంకొకడు వెనక నుంచి నెట్టి గట్టుకు చేర్చారు. గట్టు మీద ఒక ముసలమ్మ ఊరుకుంటుందా? "అయ్యగారు వాళ్లను లేపినాడు, వాళ్లు అయ్యగారిని లేపినారు. చెల్లుకు చెల్లు" అంది. ఆ మాట పేటంతా తిరిగింది.

సంఘ పెద్ద దేవసహాయం అని ఒక రిటైరైన హెడ్‌మాస్టరు. ఎండిన కంది కట్టెలా ఉంటాడు. ఆయన కమిటీలో ఒక మాట పెట్టాడు. వచ్చే క్రిస్మస్‌కు పక్క సంఘం నుంచి చిన్న పాస్టరును పిలిపిద్దాం, ముంచే పని అతను చూసుకుంటాడు, మన అయ్యగారికి ఒడ్డున కుర్చీ వేద్దాం, కూర్చుని ప్రార్థన చేస్తారు అని. మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా చెప్పాడు కాబట్టే అది అయ్యగారి గుండెలో గుచ్చుకుంది.

మోకాళ్ల డాక్టరు చూసి, ముందు బరువు తగ్గించుకొమ్మని నా దగ్గరికి పంపాడు. షుగరు కూడా ఉంది. అయ్యగారు వచ్చి కూర్చుంటే నా కుర్చీ మూలిగింది.

"అమ్మా, బాప్తిస్మమిచ్చే యోహాను కాలం నుంచి ముంచేవాడు నీళ్లల్లోనే నిలబడినాడు. ఒడ్డున కుర్చీలో కూర్చొని ముంచినోడు యాడైనా ఉండాడా?" అన్నాడు. "నేను బాప్తిస్మం ఇచ్చినోళ్ల పిల్లోళ్లు ఈసారి దిగుతాండారు. వాళ్లను పరాయి చేతుల్లో పెట్టి నేను చూస్తా కూర్చోవాల్నా?"

ఇంక నేను మామూలు ప్రశ్నలు మొదలుపెట్టాను. ఏం తింటారని అడిగాను.

"ఏముందమ్మా. పొద్దున రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం ఇంత సంగటి. రాత్రికి రెండు జొన్నరొట్టెలు."

పక్కన కూర్చున్న అమ్మగారు, అంటే ఆయన భార్య గ్రేసమ్మ, ఫ్యాను వైపు చూస్తోంది.

"అమ్మగారూ, మీరేమంటారు?"

"అబద్ధం ల్యాదమ్మా. మా ఇంట్లో తినేది అంతే. పేటలో తినేది యాడ చెప్పినాడు?"

ముందస్తు సాక్ష్యం

చార్టు రాసిచ్చాను. మందుల సంగతి డాక్టరు చూశాడు. షుగరు మందు వేసుకునేవాళ్లకు తిండి తగ్గించేటప్పుడు డాక్టరుతో మాట్లాడకుండా ఒక్క ముద్ద కూడా తీయకండి, ఇది మాత్రం సరదాగా చెప్పడం లేదు.

ఆ ఆదివారం అయ్యగారు నన్ను తన సంఘానికి పిలిచాడు. ఆరాధన మధ్యలో లేచి, తానే సాక్ష్యం చెప్పాడు. ప్రభువు తన నోటికి కాపలా పెట్టాడని, రాబోయే రోజుల్లో తన శరీరంలో ఒక గొప్ప కార్యం జరగబోతోందని, క్రిస్మస్‌కు నదిలో దిగేది తానేనని. "ఆమెన్" అని గుడి దద్దరిల్లింది. డప్పు మోగింది. చప్పట్లు. నేనూ కొట్టాను. పక్కన ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

మా సంఘాల్లో సాక్ష్యం ఎప్పుడు చెబుతారు? జ్వరం తగ్గాక చెబుతారు. పోయిన ఎద్దు దొరికాక చెబుతారు. ఈయన జ్వరం రాకముందే తగ్గిందని చెప్పినట్టు చెప్పేశాడు. దిగి వచ్చేటప్పుడు ఆయన ముఖం చూశాను. ఆ తృప్తి బరువు తగ్గినవాడి తృప్తి. తగ్గకముందే చెల్లింపు అయిపోయింది, ఇక పని ఎవరు చేస్తారు?

అంతకంటే పెద్ద ప్రమాదం బయట పొంచి ఉంది. ఆయన డైట్‌లో ఉన్నాడని ఇప్పుడు పేటంతా తెలుసు, పైగా పేటంతటికీ ఆయనంటే ప్రాణం. సాయంత్రం ఇండ్లు తిరిగి ప్రార్థన చేయడం ఆయన అలవాటు. ప్రతి ఇంట్లోనూ ఆయన కోసం డైట్ తిండి తయారు.

"కొర్రన్నమే అయ్యగారూ, ఎంత తిన్యా ఏం కాదు."

"మొలకలండీ. డైటమ్మ చెప్పిందంట గదా."

"పుచ్చకాయలో ఏముండాది అయ్యగారూ, నీళ్లే!"

ఇంతకుముందు ఇంటింటా రొట్టె తినేవాడు. ఇప్పుడు ఆ రొట్టె అలాగే ఉంది, దాని పక్కన డైట్ తిండి చేరింది. నెల తిరిగి కాటా ఎక్కితే సూది ముందుకు పోయింది. అయ్యగారు కాటా దిగి దాని వైపు చూశాడు.

"అమ్మా, ఈ కాటాకు కూడా ఎవరన్నా ప్రార్థన చేయాల."

"వద్దు" అనే మాట

ఏముంది, మర్యాదగా వద్దనండి అన్నాను. ఏ చార్టులో చూసినా ఆ సలహా ఉంటుంది. అయ్యగారు నవ్వాడు. "మా పేటలో ఆ మాట ఎట్లుంటాదో ఒకసారి వచ్చి చూడమ్మా" అన్నాడు.

వెళ్లాను. మొదటి ఇల్లు మరియమ్మది. చెల్లుకు చెల్లు అన్న ముసలమ్మ ఆవిడే. నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"డైటమ్మ అంటే నువ్వేనా? మా అయ్యగారిని ఎండబెడతాండావంట?"

"ఆయన మోకాళ్ల కోసమమ్మా..."

"మోకాలు యాడుంది, నోరు యాడుంది? మోకాళ్లకు నొప్పైతే నోరు కట్టేస్తావా?"

అయ్యగారు ప్రార్థన ముగించాడు. మరియమ్మ పల్లెం పెట్టింది. నేను నేర్పినట్టే ఆయన, "ఈ పొద్దు వద్దు మరియమ్మా, కడుపు బాగలేదు" అన్నాడు. ఆ ముసలమ్మ ముఖం నేను మరచిపోలేను. పల్లెం వెనక్కి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా నాతో అంది, "ఊర్లో పెద్దిండ్లోళ్లు మా ఇంట్లో నీళ్లు ముట్టరు. అదేం కొత్త కాదు. మా అయ్యగారు కూడా వద్దన్యాడంటే రేపు నలుగురు ఏమనుకుంటారమ్మా?"

తరతరాలుగా బయటివాళ్లెవరూ చేయి కడుక్కుని తినని ఇంట్లో, పాస్టరు కూర్చుని తినడమే సగం సువార్త. అక్కడ "వద్దు" అంటే డైట్ అని ఎవరికీ వినబడదు. నా చార్టులో ఆ మాట రాసేటప్పుడు నాకు కేలరీలు కనిపించాయి, గడప కనిపించలేదు. అయ్యగారు చేయి చాపి, "ఇట్లా తే మరియమ్మా" అన్నాడు. తిన్నాడు. నేనూ తిన్నాను. జొన్నరొట్టె, శనక్కాయల చట్నీ. ఎంత బాగుందంటే రెండోది కూడా అడిగాను. మీరు అలా చేయకండి.

అప్పుడే ఎదురింటి సుందరమ్మ వాకిట్లోకి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఏమ్మే మరియమ్మా, రోజూ నీ ఇంట్లో రెండు తింటాడు. మా ఇంటికొచ్చేతలికి కడుపు నిండిందని ఒక ముక్క తుంచుతాడు. నా రొట్టె ఏమన్నా చేదా?"

"నా ఇల్లు ముందుండాది, నేనేం చేయాల? నిన్నెవరు ఎనక కట్టుకోమన్యారు?"

"ముందుంటే అంతా నీకేనా? కొళాయి కాడ గూడా ఇంతే నువ్వు, వంతు లేకుండా బిందె పెడతావు!"

ఇద్దరూ కొళాయి గొడవలోకి దిగారు. అయ్యగారు సర్దిచెప్పడానికి లేచాడు. నేను మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. వంతు.

వంతు

మా సీమలో వంతు అంటే ఏమిటో ఎవరికీ వివరించాల్సిన పని లేదు. కొళాయి దగ్గర బిందెల వంతు, పొలంలో బోరు నీళ్ల వంతు. వంతు తప్పితే అన్నదమ్ములు కూడా ఏడాది మాట్లాడుకోరు. నీళ్లు లేని చోట మనుషులు ఒకరినొకరు చంపుకోకుండా బతికారంటే వంతు వల్లే.

అయ్యగారికి చెప్పాను. రోజుకు ఒక్క ఇల్లు. ఆ ఇంట్లో చేయి కడుక్కుని కూర్చుని, కడుపుకు సరిపడా, మర్యాదగా తినండి. అదే మీ రాత్రి భోజనం. మిగతా ఇండ్లలో ప్రార్థన మాత్రమే, వాళ్ల వంతు రోజు వాళ్ల ఇంట్లో. ఎవరినీ వద్దనక్కర్లేదు, "మీ వంతు వస్తాది" అంటే చాలు. ఆదివారం ఆరాధన అయ్యాక దేవసహాయం మాస్టారు ఆ వరస చదివాడు. చదివేటప్పుడు ఆయన మూతి కొంచెం వంకరగా ఉంది. ఇదంతా నిలిచేది కాదని ఆయన లెక్క.

మొదటి వారమే చిక్కొచ్చింది. వంతు ఎన్నాళ్లకో గానీ రాదు కదా, వచ్చినవాళ్లు నాటుకోడి కోశారు. దానికి ఇంకో నియమం పెట్టాం. ఆ ఇంట్లో ఆ రోజు మామూలుగా ఏం వండుకుంటారో అదే. ప్రత్యేకంగా వండితే వాళ్ల వంతు చివరికి పోతుంది. ఇక కాపలా మేం పెట్టాల్సిన పని లేకపోయింది. కోడి వాసన వస్తే చాలు, పక్కింటోళ్లే వచ్చి చెప్పేవాళ్లు.

ఒక సాయంత్రం నేనూ ఉన్నాను. సుందరమ్మ పొయ్యి మీద గుంత పొంగణాలు చిటపటమంటున్నాయి. ఆ రోజు వంతు మరియమ్మది. అయ్యగారు సుందరమ్మ ఇంట్లో ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక కూడా కళ్లు తెరవలేదు. ముక్కుతో చూస్తున్నాడు.

"సుందరమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "ఒక్కటి పెట్టు."

ఆవిడ అటూ ఇటూ చూసి ఒకటి తీసింది. ఆయన చేయి సగం దాకా పోయింది. వీధి అవతల నుంచి కేక వినబడింది.

"ఈ పొద్దు వంతు మాది! ఒక్క పొంగణం ముట్టినా నేను ఊరుకోను అయ్యగారో!"

చేయి వెనక్కి వచ్చేసింది. బైబిల్లో ధర్మశాస్త్రం ఇశ్రాయేలీయుల చేత చేయించలేని పని మరియమ్మ ఒక్క కేకతో చేయించింది.

స్కూటరు గుడి దగ్గరే పెట్టి పేటంతా నడిచి తిరగమన్నాను. నడిచాడు. సూది నెమ్మదిగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. తర్వాత, అందరికీ అయినట్టే, ఆగిపోయింది. వానలు పడే రోజులు. వారాల తరబడి కదల్లేదు. అయ్యగారు నా దగ్గరికి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే, "కుర్చీనే మేలేమో అమ్మా. వయసయింది" అన్నాడు. నాకు నిజంగా భయమేసింది. ఆ మాట ఎప్పుడు వస్తుందో ఈ ఉద్యోగంలో మీకు తెలుస్తుంది, దాని తర్వాత మనిషి మళ్లీ రాడు.

నేను ఆలోచిస్తూ ఉండగానే అమ్మగారు పని చేసేసింది. దేవసహాయం ముందే ఆ కుర్చీ కొని గుడిలో పెట్టించాడు. చేతులున్న పెద్ద తెల్ల ప్లాస్టిక్ కుర్చీ. ఆవిడ దాన్ని ఇంటికి మోయించి, వంటింటి ముందు వేసింది. "క్రిస్మస్ దాకా ఎందుకు? ఇప్పటి నుంచే అలవాటు చేసుకో. కూడు దీంట్లోనే కూర్చొని తిను" అంది. ఆయన ఆ రోజు నిలబడి తిన్నాడంట. మర్నాడు పొద్దున్నే నా గది ముందు ఉన్నాడు.

ఈ వైద్యం భార్యలకే చెల్లుతుంది. మీరు వాడితే రోగి పోతాడు. సిగ్గుపరిచి తగ్గించాలని చూసిన ఏ డైటీషియనూ నాకు నచ్చలేదు.

ఒక మాట నిండు నమ్మకంతో రాస్తున్నాను. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి ఇచ్చిన తిండి, మన్నా, ఏ రోజుది ఆ రోజే కురిసేది. రేపటికని దాచినవాళ్ల కుండలో పురుగులు పడ్డాయి. ఉత్సాహం కూడా అలాంటిదే. మొదటి రోజు మూటగట్టుకున్న ఉత్సాహం రెండో వారానికి కుళ్లిపోతుంది. అందుకే రోగిని "నీకు పట్టుదల ఉందా?" అని అడగకండి. ఉందనే చెబుతాడు, మొదటి రోజు అందరికీ ఉంటుంది. "నీ పల్లెం చుట్టూ ఎవరెవరు ఉన్నారు?" అని అడగండి. కుదిరితే వెళ్లి చూడండి. రోజూ కొంచెం కురిపించేవాళ్లు అక్కడే ఉంటారు. కొన్నిసార్లు ప్రేమతో కురిపిస్తారు, కొన్నిసార్లు పక్కింటి మీద అసూయతో. దేవుడు రెండింటినీ వాడుకోగలడు, నేను చూశాను.

నది

క్రిస్మస్ ముందు శనివారం పొద్దున నదికి వెళ్లాను. చలిగా ఉంది. అయ్యగారు సన్నబడలేదు. అలా అనుకుని చదువుతున్నారేమో, చెబుతున్నాను, చూసినవాళ్లెవరూ ఆయన్ను సన్నటి మనిషి అనరు. తగ్గాల్సినదాంట్లో సగం తగ్గి ఉంటుంది. పక్క సంఘం చిన్న పాస్టరు కూడా వచ్చాడు, అవసరమైతే అని. దేవసహాయం నీళ్లకు దగ్గరగా, మెట్టు మీద, రెండు చేతులూ సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాడు.

అయ్యగారు దిగాడు. ఒక్కొక్కరినీ ముంచి లేపాడు. చివరి పిల్ల తడి ముఖం తుడుచుకుంటూ నవ్వుతూ ఎక్కిపోయింది. ఇక నీళ్లలో ఆయనొక్కడే. గట్టు మీద అందరూ మెట్ల వైపే చూస్తున్నారు.

మొదటి మెట్టు. రెండోది. మూడోది. దేవసహాయం చేతులు చాపాడు.

"చేతులు ఎనక్కి తీసుకోప్పా," అన్నాడు అయ్యగారు.

ఇంకో మెట్టెక్కి, సగంలో ఆగాడు. చిన్న పాస్టరు ఒక అడుగు ముందుకేశాడు. అయ్యగారు ఒక చేయి ఎత్తాడు. ఎత్తి, పాట ఎత్తుకున్నాడు. మా సంఘాల్లో పసిపిల్లలకు కూడా వచ్చే స్తుతి పాట. గట్టు మీద అందరూ అందుకున్నారు, డప్పు కలిసింది, ఆడవాళ్లు కళ్లు మూసుకున్నారు. ఎంత భక్తి, నదిలో నుంచే ప్రభువును స్తుతిస్తున్నాడు అనుకున్నారు. నిజమే, స్తుతించాడు. కానీ మొదటి చరణం తర్వాత ఆయన నోరు కదలడం లేదని నేనొక్కదాన్నే చూశాను. ఛాతీ కొలిమి తిత్తిలా లేచి పడుతోంది. సంఘం పాడుతుంటే ఆయన ఊపిరి పీలుస్తున్నాడు.

పాట చివరికొచ్చింది. డప్పు ఆగబోతోంది. దేవసహాయం చేతులు మళ్లీ లేస్తున్నాయి. అయ్యగారి ఛాతీ ఇంకా కుదుటపడలేదు.

నేను ఆ సంఘం మనిషిని కాదు. చల్లే సంఘం నుంచి వచ్చినదాన్ని, గొంతు కూడా బాగుండదు. అయినా అందరూ ఆపిన చోట, నేనొక్కదాన్నే పల్లవి మళ్లీ ఎత్తుకున్నాను. పక్కనున్న మరియమ్మ నా వైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత మెట్ల మీద ఉన్న ఆయన వైపు చూసింది. ఆవిడకు అర్థమైంది. నా కంటే గట్టిగా అందుకుంది. ఆవిడ ఎత్తుకుంటే ఇంక ఆపేవాళ్లెవరు? మొదటి చరణం నుంచి పాటంతా మళ్లీ మొదలైంది. డప్పువాడు అయోమయంగా చూసి కొట్టడం మొదలుపెట్టాడు.

పాట రెండోసారి అయిపోయేసరికి అయ్యగారు గట్టు మీద నిలబడి, తువ్వాలు ఇవ్వమని అమ్మగారిని కేకేస్తున్నాడు.